తప్పుడు ఫిర్యాదు బరువు ఎవరు మోయాలి?

ల్యూక్ కోంబ్స్ అమెరికాలో పేరున్న కంట్రీ గాయకుడు. 2023 డిసెంబరులో ఆయన ఒక వీడియో పెట్టి తన అభిమాని ఒకామెకు క్షమాపణ చెప్పుకున్నాడు. ఫ్లోరిడాలో ఉండే ఆమె, ఆయన పేరు వేసిన టంబ్లర్లు 18 ఆన్‌లైన్‌లో అమ్మింది. వచ్చింది 380 డాలర్లు. అందుకు ఇల్లినాయ్‌లోని ఫెడరల్ కోర్టు ఆమె మీద 2,50,000 డాలర్లకు తీర్పు రాసింది. దావా నోటీసు ఈమెయిల్‌లో వచ్చి స్పామ్‌లో పడిపోయింది. ఆమె చూసుకునేసరికి అమ్మకాల ఖాతాలోని 5,500 డాలర్లు బిగించేసి ఉన్నాయి. తన పేరున ఇలాంటి దావా నడిచిందని తనకే తెలియదని చెప్పి, ఆ సొమ్ముకు రెట్టింపుగా 11,000 డాలర్లు ఇస్తానన్నాడు గాయకుడు.

ఆ పేరు వాడుకోవడానికి ఆమెకు అనుమతి లేదు. ఆ మేరకు తప్పు తప్పే. కానీ 380 డాలర్ల తప్పుకు రెండున్నర లక్షల డాలర్ల శిక్ష, అదీ అవతలి మనిషి మాట వినకుండానే వేయగల యంత్రాంగం ఒక్కరోజులో తయారు కాలేదు. పాతికేళ్ల కిందట ఆన్‌లైన్ వేలం సైట్లలో దానికి పునాది పడింది. కోర్టులు, చట్టసభలు ఇన్నేళ్లూ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: నకిలీ సరుకుకు బాధ్యత సైటుదా, కాదా? అమ్మకందారుకు ఎవరు బాధ్యులన్న ప్రశ్న మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

ఈబే 1995లో మొదలైంది. అటక మీది పాత కెమెరా, పెళ్లికి వచ్చి వాడని వెండి గొలుసు, దుకాణం మూసేసినవాడి దగ్గర మిగిలిపోయిన సరుకు, ఇవే మొదట్లో వేలానికి వచ్చేవి. వాటితోపాటే నకిలీలూ వచ్చాయి. కంపెనీలు గోల పెట్టాయి. ఈబే ఒక ఏర్పాటు చేసింది. దాని పేరు వెరో. ట్రేడ్‌మార్క్ లేదా కాపీరైట్ సొంతదారు అందులో చేరి, ఫలానా వేలంలోని వస్తువు తమ హక్కును ఉల్లంఘిస్తోందని సదుద్దేశంతో నమ్ముతున్నామని ఒక ఫారం నింపి పంపితే చాలు, ఆ వేలం రద్దవుతుంది. ఫిర్యాదులు పోగుపడితే అమ్మకందారు ఖాతా మూతపడుతుంది.

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుగా సాగే పద్ధతి ఇది. సైటును నిందించి లాభం లేదు. రోజుకు లక్షల వస్తువులు వచ్చే చోట ఏ గొలుసు అసలో, ఏది నకిలీయో సైటుకు తెలియదు, గొలుసు దాని చేతికే రాదు. తీసేస్తే ఒక చిన్న అమ్మకందారు అలుగుతాడు. తీయకపోతే ఒక పెద్ద కంపెనీ దావా వేస్తుంది. ఏది చౌకో ఎవరికైనా అర్థమవుతుంది.

నకిలీ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోవడం అసలు చిక్కు. మొదటిది నిఖార్సయిన నకిలీ: మన బజార్లలో ‘ఫస్ట్ కాపీ’ అనేది. దీని మీద ఎవరికీ భిన్నాభిప్రాయం ఉండనక్కర్లేదు. రెండోది అసలు సరుకే, కంపెనీకి ఇష్టంలేని దారిలో అమ్ముడవుతున్నది: వాడిన సంచి, వేరే దేశానికి ఉద్దేశించిన పెర్ఫ్యూమ్, డీలరు దొడ్డిదారిన వదిలించుకున్న పెట్టె. మూడోది వస్తువు వేరే, వర్ణనలో మాత్రం కంపెనీ పేరు ఉంటుంది: ఫలానా ఫోన్‌కు సరిపోయే కవరు, ఫలానా బొమ్మ ముద్రించిన గుడ్డతో కుట్టిన దిండుగలీబు. చట్టం ఈ మూడింటినీ మూడు రకాలుగా చూస్తుంది. ఫిర్యాదు ఫారం ఒకే రకంగా చూస్తుంది.

ఈ విషయంలో అందరూ ఉదహరించే తీర్పు టిఫనీ కేసు. వెండి నగలకు పేరుపడ్డ ఆ న్యూయార్క్ కంపెనీ 2004లో ఈబే మీద దావా వేసింది. ఈబేలో తన పేరున అమ్ముడవుతున్న వెండి నగలను తానే కొని పరీక్షించి, 2004లో కొన్నవాటిలో నూటికి 73 నకిలీవని చూపించింది. లెక్క కట్టిన పద్ధతిలో లోపాలున్నాయని జడ్జి అన్నాడు గానీ, నకిలీ సరుకు గణనీయంగానే ఉందని ఒప్పుకున్నాడు. అయినా 2008 జులైలో టిఫనీ ఓడింది, 2010లో అప్పీలులోనూ ఓడింది. సైటులో ఎక్కడో నకిలీలు ఉన్నాయని పొడిపొడిగా తెలిసినంత మాత్రాన సైటుకు బాధ్యత రాదు, ఫలానా వస్తువు నకిలీదని ప్రత్యేకంగా తెలిసి కూడా ఉంచితేనే వస్తుంది అన్నది తీర్పు సారం. ఫిర్యాదు అందిన ప్రతి వస్తువునూ ఈబే వెంటనే తీసేస్తోంది కాబట్టి గెలిచింది.

ఈ తీర్పును సైట్లకు విజయంగా, బ్రాండ్లకు పరాజయంగా చెప్పుకుంటారు. అందులో చిన్న అమ్మకందారుకు సంబంధించిన ముక్క ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. ఒక మనిషి ఒకేసారి అయిదు లేదా అంతకన్నా ఎక్కువ టిఫనీ వస్తువులు అమ్మకానికి పెడితే ఆ సరుకు నకిలీదనే అనుకుని ఆపేయాలని కంపెనీ అడిగింది. తమ నగలు తమ దుకాణాల్లో తప్ప దొరకవు, అయిదు వస్తువులు ఒకరి దగ్గరకు ఎలా వస్తాయి అన్నది వాళ్ల తర్కం. కోర్టు కాదంది. అమ్మమ్మ నగల పెట్టె అమ్ముకునే మనవరాలి దగ్గర ఆరు వస్తువులు ఉండకూడదా? ఒకసారి చట్టబద్ధంగా అమ్మిన అసలు వస్తువును తిరిగి అమ్ముకునే హక్కు కొన్నవాడిది. ఆ హక్కును లెక్కతో కొట్టేయడం కుదరదు. నా దృష్టిలో ఆ తీర్పులో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే.

అయితే ఆ తీర్పుకు ఒక నీడ కూడా ఉంది. ఫిర్యాదు రాగానే తీసేయడమే సైటును రక్షించిందని ప్రతి సైటు లాయరూ పాఠం నేర్చుకున్నాడు. తీసేసే ముందు అమ్మకందారును అడగమని కోర్టు అనలేదు. అనాల్సిన అవసరమూ ఆ దావాలో లేదు, ఎందుకంటే చిన్న అమ్మకందారు ఆ కేసులో కక్షిదారే కాడు. చట్టం అతను లేని గదిలో తయారైంది.

టిఫనీ ఓడడానికి సరిగ్గా రెండు వారాల ముందు, 2008 జూన్ 30న, పారిస్ వాణిజ్య న్యాయస్థానం విలాస వస్తువుల ఎల్వీఎంహెచ్ గ్రూపుకు అనుకూలంగా ఈబే మీద 3.86 కోట్ల యూరోల భారం వేసింది. నకిలీ సంచుల మాట సరే. డియోర్, గెర్లాన్, జివాన్షీ, కెంజో పెర్ఫ్యూములు అసలువైనా సరే ఈబేలో అమ్మకూడదంది, ఎందుకంటే వాటిని కంపెనీ ఎంపిక చేసిన దుకాణాల్లోనే అమ్మాలట. ఒకే కంపెనీ సైటు, ఒకే వేసవి, అట్లాంటిక్‌కు ఇటు ఒక న్యాయం, అటు ఒక న్యాయం. ఫ్రెంచి పరిహారాన్ని 2010లో అప్పీలు కోర్టు 57 లక్షల యూరోలకు కుదించింది. 2014లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. రాజీ మాటలు గుమ్మం దాటి బయటకు రాలేదు.

యూరప్ మొత్తానికి గీత గీసింది 2011 జులై 12న సౌందర్య సాధనాల కంపెనీ లోరియాల్ ఈబే మీద వేసిన కేసులో యూరోపియన్ న్యాయస్థానం. అమ్మకాలను ముందుకు తోయడంలో, వస్తువుల ప్రదర్శనను మెరుగుపరచడంలో సైటు చురుకుగా చేయి పెడితే దానికి రక్షణ ఉండదంది. దుకాణాలకు ఉచితంగా ఇచ్చే టెస్టరు సీసాలు అమ్మితే ఉల్లంఘనే అంది. అదే తీర్పులో మామూలు మనిషికి పనికొచ్చే మాట ఒకటుంది: వ్యాపారంగా కాకుండా సొంత వస్తువును అమ్ముకునే వ్యక్తి మీద ట్రేడ్‌మార్క్ సొంతదారుకు అధికారం లేదు. మరి నెలకు ఎన్ని అమ్మితే సొంతం, ఎన్ని అమ్మితే వ్యాపారం? అమ్మకాల సంఖ్యను, తరచుదనాన్ని బట్టి చూడాలన్నారు. పిల్లల బట్టలు చిన్నవైపోయిన ప్రతిసారీ వేలానికి పెట్టే తల్లికి ఆ జవాబు ఏమంత ధైర్యం ఇవ్వదు.

ఫిర్యాదు తప్పయినప్పుడు ఏమవుతుంది? కాపీరైట్ విషయంలో 1998 నాటి అమెరికా చట్టం ఒక దారి చూపింది. వస్తువు తీసేస్తే అమ్మకందారు ఎదురు నోటీసు ఇవ్వవచ్చు, అవతలివారు దావా వేయకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో దాన్ని తిరిగి పెట్టాలి. తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేసినవారు నష్టపరిహారం కట్టాలి. ట్రేడ్‌మార్క్‌కు చట్టంలో ఆపాటి దారి కూడా లేదు. నిజానికి కాపీరైట్ దారి కూడా వేలం విషయంలో వట్టి కాగితపు దారే. ఈబే వేలం సాధారణంగా 3, 5, 7, లేదా 10 రోజులు నడుస్తుంది. పండగ ముందు పెట్టిన వేలం పోయి, పద్నాలుగు పనిదినాల తర్వాత వస్తువు తిరిగి వస్తే అప్పటికి పాటదారులు ఉండరు, పండగా ఉండదు. ఆగిన అమ్మకానికి కాలమే పెద్ద నష్టం. ఈ లెక్కను మాత్రం ఏ చట్టమూ వేయలేదు.

పోరాడినవాళ్లు లేకపోలేదు. కొలరాడోలో ఈబే అమ్మకాల మీదే ప్రధానంగా బతికే ఒక జంట బెట్టీ బూప్ బొమ్మలున్న గుడ్డను వేలానికి పెట్టారు. ఆ బొమ్మ వేసుకున్న గౌను తమ చిత్రకారుడు ఎర్టే గీసిన చిత్రానికి కాపీ అని హక్కుదారుల తరఫున ఫిర్యాదు వెళ్లింది, వేలం ఆగింది. ఇది కాపీరైట్ తగాదా, కానీ మీట ఒక్కటే, వెరో. ఆ జంట లాయరు లేకుండా తామే కొలరాడో కోర్టులో దావా వేశారు. తమకు కొలరాడోతో సంబంధమే లేదని కంపెనీలు వాదించాయి. కొలరాడోలోని అమ్మకాన్ని ఆపాలనే కదా ఫిర్యాదు పంపారు, అక్కడికే వచ్చి జవాబు చెప్పండి అని 2008లో అప్పీలు కోర్టు అంది. ఆ తీర్పు రాసిన నీల్ గోర్సచ్ ఆ తర్వాత అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. గుడ్డ అమ్ముకునేవారు కంపెనీలను తమ ఊరి కోర్టుకు రప్పించగలిగారు. అందుకు వాళ్లకు కావలసివచ్చిన ఓపిక ఎంతమందికి ఉంటుంది?

ఇంగ్లండ్ ఇంకా సూటిగా పోయింది. ఆధారం లేని మేధాసంపత్తి బెదిరింపులకు గురైనవాడు ఎదురు దావా వేయవచ్చన్న పాత సూత్రం అక్కడ ఉంది. 2006లో పిల్లల క్వాడ్ బైకులు అమ్మే ఒక సంస్థ, తన వేలాలను డిజైన్ హక్కు పేరుతో ఆపిస్తున్నవారి మీద ఆ సూత్రంతోనే కోర్టుకెక్కింది. ఈబేకి పంపే ఫిర్యాదు కూడా బెదిరింపే కావచ్చని కోర్టు భావించి, ఫిర్యాదులు పంపకుండా తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. ఫిర్యాదు పంపేవారికి సైటు లోపలి ఏర్పాటు ఒక గొడుగు. ఆ గొడుగు కింద దావా వేయకుండానే దావా ఫలితం దక్కుతోందని ఆ జడ్జి పసిగట్టాడు. 2017లో బ్రిటన్ ఈ బెదిరింపుల చట్టాలన్నిటినీ కలిపి సవరించింది.

ఇక అసలు సరుకు తగాదాలు. ఇక్కడ నా సానుభూతి అన్నిసార్లూ అమ్మకందారు వైపే ఉండదు. రాడార్ డిటెక్టర్ల మీద సీరియల్ నంబర్లు చెరిపేసి ఈబేలో అమ్మినవారి మీద బెల్‌ట్రానిక్స్ 2009లో గెలిచింది. నంబరు లేని యంత్రానికి వారంటీ ఉండదు, ఆ సంగతి కొన్నవాళ్లకు తెలియలేదు. న్యాయమే. మేరీ కే కంపెనీ మాజీ ప్రతినిధి ఒకామె, గడువు తీరిన సౌందర్య సాధనాలు కూడా కలిపి ఆన్‌లైన్‌లో అమ్మిందని 2009లో టెక్సస్ జ్యూరీ పది లక్షల డాలర్లకు పైగా వడ్డించింది. గడువు తీరినదాన్ని ముఖానికి పూసుకునేవారి పక్షాన చూస్తే తప్పుపట్టలేం. శిక్ష పరిమాణం మాత్రం వేరే సంగతి.

ఇదే ప్రశ్నకు మన ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ 2012లో మరింత తెలివైన జవాబు ఇచ్చింది. కపిల్ వాధ్వా కేసులో శామ్‌సంగ్ తన అసలు ప్రింటర్లనే విదేశాల నుంచి తెచ్చి అమ్ముతున్న వ్యాపారులను ఆపాలంది. ప్రపంచంలో ఎక్కడైనా చట్టబద్ధంగా అమ్ముడైన వస్తువును ఇక్కడికి తెచ్చి అమ్ముకోవచ్చని బెంచ్ అంది. కానీ ఇది దిగుమతి సరుకు, వారంటీ శామ్‌సంగ్‌ది కాదు, మాది అని కొనేవాడికి కనిపించేలా రాసి పెట్టమంది. అమ్మకం ఆగలేదు, కొనేవాడు మోసపోలేదు. వేలం సైట్లలో సగం తగాదాలకు ఇదే మందు. తీసేయడం, ఉంచడం అని రెండే మీటలు పెట్టుకున్న సైట్లకు ఈ మూడో మీట ఎందుకు తట్టదో నాకు అంతుపట్టదు.

వేలం సైటులో ఫిర్యాదుతో మొదలైన పద్ధతి ఇప్పుడు కోర్టు మెట్లెక్కింది. షికాగో ఫెడరల్ కోర్టులో ఏళ్లుగా ఒక రకం దావాలు నడుస్తున్నాయి. ప్రతివాదుల పేర్లు దావాలో ఉండవు, షెడ్యూల్-ఎ అనే జాబితాలో, కొన్నిసార్లు వందల్లో, ఉంటాయి. జాబితా మొదట సీల్డు కవర్లో. అవతలివారికి చెప్పకుండానే తాత్కాలిక నిషేధం, ఖాతాల స్తంభన. ఒకరితో ఒకరికి సంబంధం లేని అమ్మకందారులందరి మీదా ఒక్క దావా రుసుమే. నకిలీ మార్కు వాడినందుకు అసలు నష్టం రుజువు చేయకుండానే ఒక్కో మార్కుకు 1,000 నుంచి 2,00,000 డాలర్ల దాకా, ఉద్దేశపూర్వకమైతే 20 లక్షల దాకా వేయడానికి అమెరికా చట్టం వీలిస్తుంది. డబ్బు బిగుసుకుపోయిన చిన్నవాడు లాయరును పెట్టుకోలేక రాజీపడతాడు, లేదా రాడు. రాకపోతే ఏకపక్ష తీర్పే. మొదట చెప్పిన టంబ్లర్ల తీర్పు ఇలాంటి దావా ఫలితమే. న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ గోల్డ్‌మన్ 2023లో ఈ పద్ధతిని దుర్వినియోగమని ఏకిపారేస్తూ వ్యాసం రాశాడు. ఇందులో మన దేశానికీ పాత్ర ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ తయారుచేసే ఐషర్ మోటార్స్ అదే షికాగోలో వేసిన దావాలోనే, 2025 ఆగస్టులో జడ్జి జాన్ నెస్ ఈ షెడ్యూల్ పద్ధతి ఇప్పుడున్న రూపంలో కొనసాగకూడదని అన్నాడు.

బ్రాండ్ల పక్షం వినకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. 2021లో ప్రపంచ వాణిజ్యంలో 2.3 శాతం, అంటే 46,700 కోట్ల డాలర్ల సరుకు, నకిలీదని ఓఈసీడీ అంచనా. అందులో సంచులతోపాటు బ్రేకు విడిభాగాలూ మందులూ ఉన్నాయి. చిన్న అమ్మకందారు అనే ముసుగు వెనుక పెద్ద కార్ఖానా ఉండవచ్చు. ఒక ఖాతా మూస్తే తెల్లారేసరికి నాలుగు తెరుచుకుంటాయి. ముందే చెబితే డబ్బు దేశం దాటిపోతుందన్న వాళ్ల భయం అబద్ధం కాదు. అందుకే వేగం కావాలి. వేగం అడిగినవాడు పొరపాటు ఖర్చు కూడా భరించాలి, నా అభ్యంతరమల్లా అక్కడే. నెలకు వెయ్యి ఫిర్యాదులు పంపే కంపెనీకి అందులో వంద తప్పయినా ఏమీ పోదు. ఆ వందమందికి ఆ నెల బియ్యం డబ్బులు పోతాయి.

యూరప్ ఈ అసమానతను కాస్త సరిదిద్దింది. 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన డిజిటల్ సేవల చట్టం ప్రకారం తొలగించినప్పుడు కారణం రాసివ్వాలి, సైటు లోపలే అప్పీలుకు అవకాశం ఇవ్వాలి, పదేపదే నిరాధారమైన ఫిర్యాదులు పంపేవారి ఫిర్యాదులను కొంతకాలం పక్కన పెట్టాలి. కళ్లెం రెండువైపులా పడింది.

మన దగ్గర కథ బాజీ డాట్ కామ్‌తో మొదలవుతుంది. 2004లో ఈబే కొన్న ఆ వేలం సైటులో ఎవరో అశ్లీల వీడియో అమ్మకానికి పెడితే, అదే ఏడాది డిసెంబరులో సంస్థ అధిపతిని అరెస్టు చేశారు. ఆ గొడవ ప్రభావంతోనే 2008 సవరణలో ఐటీ చట్టం 79వ సెక్షన్ సైట్లకు ఇప్పటి రక్షణ ఇచ్చింది. ఈబే ఇండియా 2018లో మూతపడింది, తగాదా మాత్రం అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషోలకు బదిలీ అయింది. అదే ఏడాది లూబుటాన్ చెప్పుల కేసులో ఢిల్లీ సింగిల్ జడ్జి, చురుకైన సైట్లకు రక్షణ లేదన్నారు. 2020లో ఆమ్వే కేసులో డివిజన్ బెంచ్ చురుకైన సైటు, కాని సైటు అన్న తేడా చట్టంలో లేదంది. 2025లో బెవర్లీ హిల్స్ పోలో క్లబ్ గుర్తు విషయంలో అమెజాన్ సంస్థ మీద 340 కోట్ల రూపాయల తీర్పు వచ్చింది, ఆ ఏడాదే డివిజన్ బెంచ్ దాని అమలును నిలిపివేసింది. అన్నీ పెద్దల మధ్య పోట్లాటలే. ఇలాంటి తీర్పు వచ్చిన ప్రతిసారీ సైటు మరింత భయపడుతుంది, భయపడ్డ సైటు ఫిర్యాదు చదవకుండానే వస్తువు తీసేస్తుంది.

చిన్నవాడు పేరుతో సహా కనిపించే కేసు 2014 నాటిది. కుస్తీ పోటీల డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీ, ముంబయిలోని రేష్మా కలెక్షన్ అనే అమ్మకందారు మీద ఢిల్లీలో దావా వేసింది. కంపెనీ వెబ్‌సైటు ఢిల్లీలో తెరుచుకుంటుంది, అందులో ఢిల్లీవాడు కొనగలడు కాబట్టి ఢిల్లీ కోర్టు వినవచ్చని డివిజన్ బెంచ్ తేల్చింది. కొలరాడోలో ఇంటర్నెట్ అమ్మకందారు ఊరికి కంపెనీని తెచ్చింది, ఇక్కడ కంపెనీ ఎంచుకున్న ఊరికి అమ్మకందారును లాక్కెళ్లింది. మంగళగిరి నుంచో సిరిసిల్ల నుంచో అమ్మేవాడికి ఢిల్లీ లాయరు ఫీజు అంటే ఏమిటో వేరే చెప్పాలా? నేత ఊళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. భౌగోళిక గుర్తింపు ఉన్న పోచంపల్లి ఇక్కత్ పేరుతో ప్రింటు చీరలు అమ్మేవారి మీద ఇంత వేగంగా ఫిర్యాదులు పంపే యంత్రాంగం మన నేతన్నలకు ఎవరూ కట్టిపెట్టలేదు. ఈ మీట పెద్ద చేతికే అందే ఎత్తులో ఉంది.

2020 ఈ-కామర్స్ నియమాలు ఈ వంకరను అచ్చులోకి ఎక్కించాయి. ట్రేడ్‌మార్క్ కారణంగా పదేపదే వస్తువులు తొలగింపుకు గురైన అమ్మకందారుల వివరాలు సైటు రాసి ఉంచాలి అన్నాయి. పదేపదే తప్పుడు ఫిర్యాదులు చేసినవారి వివరాల మాట లేదు. మరోపక్క 1999 ట్రేడ్‌మార్కుల చట్టంలో మంచి ఆయుధమే ఉంది, 142వ సెక్షన్. ఆధారం లేకుండా ఉల్లంఘన దావా పేరుతో బెదిరిస్తే, బెదిరింపుకు గురైనవాడే కోర్టుకు వెళ్లి బెదిరింపులు ఆపించవచ్చు, నష్టపరిహారం కూడా అడగవచ్చు. కాకపోతే హక్కుదారు నిజంగా దావా వేసేస్తే ఆ సెక్షన్ వర్తించదు. పైగా అది సైట్లు లేని రోజుల నాటి భాష, లాయరు నోటీసులను, ప్రకటనలను దృష్టిలో పెట్టుకున్నది.

ఈ సెక్షన్‌కు కేంద్రం ఒక్క వాక్యం వివరణ చేర్చాలి: అమ్మకపు సైటుకు పంపే తొలగింపు ఫిర్యాదు కూడా బెదిరింపే. ఈ-కామర్స్ నియమాల్లో తప్పుడు ఫిర్యాదుదారుల జాబితా కూడా రాయించాలి. తొలగించే ముందు, మందులు, భద్రతా పరికరాల వంటివి తప్ప మిగతావాటికి, అమ్మకందారుకు కనీసం 48 గంటలు జవాబిచ్చే గడువు ఉండాలి. అప్పటిదాకా ఆన్‌లైన్‌లో అమ్ముకునే పాఠకులకు చెప్పేదొక్కటే: కొన్న ప్రతి సరుకు బిల్లూ దాచుకోండి, సైటు నుంచి వచ్చే ఈమెయిళ్లను స్పామ్‌లో కూడా వెతకండి, తప్పుడు ఫిర్యాదు వస్తే 142వ సెక్షన్ పేరెత్తి రాతపూర్వకంగా జవాబివ్వండి.